గీత కలిసిందా, అక్కా?

మా అక్క వెళ్ళిపోతానంది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. చెప్పడం కూడా ఎలా చెప్పిందనుకున్నారు? నేను ఆయిల్ చేతులతో టీ గ్లాసు పట్టుకుని ఊదుకుంటుంటే, "ఇక అమ్మాయి దగ్గరే ఉంటానే, పని నా వల్ల కావట్లేదు" అని చల్లగా చెప్పేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంతేలే! నువ్వు కూతురింట్లో ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని కూర్చో. ఈ లారీల షెడ్డు మాత్రం నా నెత్తిన పడెయ్" అన్నాను. నాకు కోపమొస్తే అరుస్తాను, లేదా అస్సలు మాట్లాడను. మధ్యలో ఆగడం నాకు చేతకాదు. అక్క నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూశాక మాటలు మానేశాను.

అలా మూతి ముడుచుకుని తిరుగుతుండగా, అక్క ప్రయాణానికి ముందురోజు పొద్దున్నే ఒక లారీని ఇంకో లారీ తాడు కట్టి లాక్కొచ్చింది. డ్రైవరు దిగుతూనే మొదలెట్టాడు. "స్టార్టవ్వాలంటే తెగ గింజుకుంటుందమ్మా. అయ్యాక చిన్న ఎత్తు కూడా ఎక్కనంటుంది. తల ప్రాణం తోకకొచ్చింది."

మా అమ్మాయి ఇంజన్‌కి స్కానర్ తగిలించి, అదేం తప్పు చూపిస్తోందో చూసింది. షెడ్డులో మాతోపాటు అదీ మెకానిక్కే. పనిలో నా అంతటిది, నెమ్మదిలో మాత్రం వాళ్ళ పెద్దమ్మ పోలిక. "అమ్మా, క్రాంకుకీ క్యాముకీ పొంతన లేదంటోంది" అంది. వాటి తిరుగుడు చూసే సెన్సర్లు రెండూ మార్చింది, వైర్లు ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. అయినా స్కానర్ అదే పాట.

ఇంజన్లో కింద క్రాంకు ఉంటుంది, పిస్టన్లు దాని మాట వింటాయి. పైన క్యాము ఉంటుంది, వాల్వులు దాని మాట వింటాయి. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒక్క చుట్టు తిరగాలి. ఈ రెంటినీ కలిపే గేర్లలో ఒక్క పన్ను జారినా పిస్టనొక దారి, వాల్వొక దారి. అది తేల్చాలంటే ఇంజన్ని చేత్తో తిప్పి చూడాలి. దానికి ఇద్దరు కావాలి.

ఆ ఇద్దరూ ఎప్పుడూ అక్కా నేనే. ఈ షెడ్డు పెట్టిన మా మామగారికి నడుము పట్టేసిన రోజుల్లో కొడుకులిద్దరూ స్టీరింగ్ వదిలి కింద కాలు పెట్టని రకం. "ఇక కోడళ్ళే దిక్కు" అని ఆయన మమ్మల్ని షెడ్డులోకి తెచ్చారు. మంచం మీద పడుకుని, చేతికర్రతో చూపిస్తూ నేర్పారు. అక్క లారీ కిందకి దూరి, క్రాంకు చివరుండే ఫ్లైవీలు అనే బరువు చక్రం పక్కనున్న చిన్న కిటికీలోంచి ఇనప బార్ పెట్టి ఇంజన్ తిప్పేది. నేను పైన ఇంజన్ మీద కాకిలా కూర్చుని వాల్వుల్ని నొక్కే రాకర్లు చూసేదాన్ని. ఫ్లైవీలు మీది గీత వచ్చి కిటికీ అంచునున్న ముల్లుకి ఎదురుగా నిలబడ్డప్పుడు, పైన ఆరో సిలిండరు వాల్వులు రెండూ ఊగాలి. ఒకటి మూసుకుంటూ, ఒకటి తెరుచుకుంటూ. అప్పుడు టైమింగ్ సరిగ్గా ఉన్నట్టు.

"గీత కలిసిందా, అక్కా?" అని నేను పైనుంచి అరిచేదాన్ని. "కలిసిందే!" అని కిందనుంచి జవాబు. మా అరుపులకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇంట్లో గిన్నెలెవరు తోమాలని పోట్లాడుకుని, పొద్దున మొహమొహాలు చూసుకోకుండా షెడ్డుకొచ్చేవాళ్ళం. లారీ వచ్చేది. ఎంత కోపమున్నా ఆ ఒక్క మాటా అడక్క తప్పేది కాదు, ఆవిడ పలక్కా తప్పేది కాదు. ఆ తర్వాత ఇంకేం కోపం? ఎన్ని తగాదాలు అలా లారీ కింద తీరిపోయాయో! అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

మామగారిది ఒకటే పట్టు. ఏదైనా విప్పేముందు మేమిద్దరం చోట్లు మార్చుకుని మళ్ళీ చూడాలి. ఇద్దరూ చూడకుండా బోల్టు ముట్టుకుంటే కర్ర విసిరేవారు.

ఆ రోజు అక్క దగ్గరికెళ్ళి బింకంగానే అడిగాను. "ఈ బండి తేలేదాకా ఉండకూడదా?"

"గేర్లే జారి ఇంజన్ ముందు భాగమంతా విప్పాల్సొస్తే, అది పూర్తయ్యేదాకా ఉంటాను. చిన్న పనైతే రేపటి బస్సుకి వెళ్ళిపోతాను, మళ్ళీ ఆపకూడదు. సరేనా?" అంది.

సరేనన్నాను. లోపల మాత్రం దేవుడా, గేర్లే జారి ఉండాలి అని మొక్కుకున్నాను. డ్రైవరు వింటే నన్ను తిట్టిపోసేవాడు.

అక్క నేల తడుముకుంటూ నెమ్మదిగా లారీ కిందకి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. నేను పైకెక్కి మూత తీశాను. అక్క తిప్పింది, రాకర్లు ఒక్కొక్కటే వంగి లేచాయి.

"గీత కలిసిందా, అక్కా?"

"కలిసిందే!"

ఆరో సిలిండరు చూశాను. ఊగట్లేదు. ఒక వాల్వు ఇంకా నొక్కుకునే ఉంది, రెండోది కదల్లేదు. క్యాము వెనకబడింది! "పన్ను జారింది!" అని కేకేశాను.

"ఇంజన్ పాడైందని ఇంత సంబరమేంటమ్మా?" అని మా అమ్మాయి నవ్వింది. "సరేలే, స్కానర్ చెప్పిందీ అదేగా" అంటూ రేడియేటర్ విప్పడానికి పానాలు తెచ్చుకుంది. డ్రైవరు తల పట్టుకుని కూలబడ్డాడు. నాకు మాత్రం కాళ్ళు నేల మీద నిలవలేదు. అక్క ఉంటుంది!

చోట్లు మార్చుకునే అలవాటు చొప్పున కిందకి దిగి, లారీ కిందకి పాకి అక్క పక్కన పడుకున్నాను. ఆవిడ చేతిలో టార్చి వెలుగుతోంది. వెలుగు సరిగ్గా కిటికీ మీదే పడుతోంది. గీత ముల్లుకి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయి ఉంది.

"కలిసింది కదా?" అంది అక్క. నా వైపు తిరిగింది కానీ చూపు నా చెవి పక్కనుంచి ఎటో పోయింది.

కలిసిందక్కా అనేస్తే చాలు, ఆవిడ ఉండిపోతుంది. ఆ మాట అనాలని నాకెంత అనిపించిందో చెప్పలేను. తప్పు గేర్లదో కాదో తేలకుండానే ఇంజన్ని ముక్కలు చేయించాలనిపించింది.

"లేదక్కా. ఇంకా రెండు వేళ్ళు తిరగాలి" అన్నాను.

అక్క బార్ మీంచి చెయ్యి తీసి పొట్ట మీద పెట్టుకుంది.

"గీత కనపడి ఏడాది దాటిందే. పిస్టన్ పైకొచ్చేటప్పుడు బార్ బిగుస్తుంది, దాటగానే వదులవుతుంది. ఆ బిగువు పట్టుకుని చెప్పేదాన్ని. దీనికి పిస్టన్ రింగులు అరిగి గాలి వదిలేస్తున్నట్టున్నాయి, బిగువు తెలియలేదు."

"డాక్టరేమన్నాడు?"

"షుగరు కళ్ళలోకి దిగిందట. మిగిలింది కాపాడతాం, పోయింది రాదన్నాడు."

"నాకొక్క ముక్క చెప్పకూడదా?" అని అరిచాను. ఏడుపూ అరుపూ కలిసిపోయాయి.

"చెబితే వెళ్ళనిస్తావా? షెడ్డు మోస్తావు, నన్నూ మోస్తావు. నీకు మాత్రం వయసు రావట్లేదా?"

బయటినుంచి మా అమ్మాయి, "అమ్మా, రేడియేటర్ నీళ్ళు దించెయ్యనా?" అంది.

"ఆగవే! ముందు పైకెక్కి రాకర్లు చూడు" అన్నాను.

అక్క బార్ పట్టుకుంది. నేను గీత చూస్తూ, "తిప్పు... ఇంకాస్త... ఆపు!" అన్నాను.

"ఊగుతున్నాయి! రెండూ ఊగుతున్నాయమ్మా!"

గేర్లు నిక్షేపంగా ఉన్నాయి. సెన్సర్లు కొత్తవి, వైర్లు మంచివి. "అయితే క్రాంకు సెన్సరు లెక్కపెట్టే పళ్ళ చక్రం ఉందే, అదే జారుండాలి" అంది మా అమ్మాయి. ముందున్న పుల్లీ విప్పి చూస్తే నిజమే. చక్రాన్ని పట్టి ఉంచే పిన్ను విరిగి, అది కొంచెం పక్కకి తిరిగిపోయింది. కొత్త పిన్ను వేసి బిగించాం. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజన్ అందుకుంది. డ్రైవరు మా ముగ్గురికీ దండాలు పెట్టి ఎండ ఉండగానే వెళ్ళిపోయాడు.

అక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, "అయితే రేపటి బస్సు ఖాయం" అంది.

"ఖాయమే. బట్టలు నేను సర్దుతాను. వీలున్నప్పుడల్లా వచ్చి చూసిపోతాను" అన్నాను.

"రావే. కానీ కోపమొచ్చిందని మాట్లాడకుండా మాత్రం కూర్చోకు. తిట్టు, కేకలెయ్యి, ఏదో ఒకటి అంటూ ఉండు. నువ్వు ఊరుకుంటే, నువ్వక్కడ ఉన్నావో లేదో నాకు తెలియదు."

అలవాటుగా తలూపాను. అది ఆవిడకి కనపడదని తోచనేలేదు.

అక్క తడి చెయ్యి ముందుకి చాపి, "ఉన్నావా?" అంది.

"ఉన్నానక్కా! ఇక్కడే ఉన్నాను!" అని వీధంతా వినపడేలా అరిచాను.