ఎవరి దోనెలో వాళ్ళు

రమామణికి మొగుడి మీదున్న ఫిర్యాదు చిన్నదే. బకెట్లో నీళ్ళు అంచుదాకా ఉంటే రెండు చెంబులు పారబోసి గానీ స్నానానికి కూర్చోడు. అంతటి ధీరుణ్ణి ఏరికోరి బొగ్గుగనుల కాలనీ క్లబ్బువాళ్ళు పిల్లల పడవ శిక్షణకు కార్యదర్శిని చేశారు.

ఆ వామనరావు ఇప్పుడు గోదావరి ఒడ్డున, పాదం తడవనంత దూరంలో నిలబడి ఈల ఊదుతున్నాడు. డెబ్బైమూడులో దసరా దాటినా ఎండ తగ్గలేదు. షామియానా కింద రమామణితో పాటు ఆఫీసర్ల కుటుంబాలు నిమ్మరసం తాగుతున్నాయి. అవతల ఎండలో లేబర్ వాడల తల్లులు.

పడవంటే రెండు దోనెలు. నడుమ పలకలు బిగించి తెరచాప ఎత్తారు. పథకం కాగితం మీద ముచ్చటగానే ఉంది. మొదటి ఏడు దోనెలోకి చేరిన నీళ్ళు తోడాలి, రెండో ఏడు తెరచాప తాడు, మూడో ఏడు చుక్కాని. బాగా నడిపినవాణ్ణి హైదరాబాదులో హుస్సేన్ సాగర్ శిబిరానికి పంపుతారు. అయితే ఆఫీసర్ల పిల్లలు చేరిన రోజే మూడో ఏట పడ్డారు. లేబర్ వాడ పిల్లాడు ముత్యం మాత్రం మూడేళ్ళుగా డబ్బాతో నీళ్ళే తోడుతున్నాడు.

కూర్చోవడమూ క్వార్టర్ల లెక్కే. ఎడమ దోనె ఆఫీసర్ల పిల్లలది, కుడిది లేబర్ పిల్లలది. ఆ ఏర్పాటు గురించి వామనరావు భోజనాల దగ్గర గొప్పగా చెబితే రమామణి కలిపిన ముద్ద పక్కన పెట్టింది.

"నీళ్ళకు ఎరుకేనా, ఏ దోనెల ఎవరున్నరో?" అని మాత్రం అంది.

"అవ్వా, ఇయ్యాలన్న చుక్కాని నాకిస్తరంటవా?" అని పొద్దున ముత్యం తల్లి మల్లక్కను అడిగాడు. ఈ శిబిరం దొరక్కపోతే వచ్చే నెల తండ్రి వెంట బొగ్గుబాయిలోకి దిగాలి.

ఇవ్వలేదు. చుక్కాని పెద్ద ఇంజనీరు కొడుకు ఉమామహేశ్వర్‌కు దక్కింది. ముత్యానికి మళ్ళీ డబ్బానే.

నది నడుమ గాలి తిరిగి కుడివైపు నుంచి కొట్టింది. కుడి దోనె నీళ్ళ మీంచి లేచింది. ఎడమది మునుగుతోంది. బరువంతా కుడికి రావాలి.

"ఇటు రాండ్రి! జల్ది! మా దిక్కు దుంకుండ్రి!" ముత్యం చెయ్యి చాచాడు.

ఉమామహేశ్వర్ లేచాడు. లేచి, సెలవు కోసం ఒడ్డువైపు చూశాడు.

"ఎవరి దోనెల వాళ్ళే ఉండాలె!" వామనరావు గొంతు చించుకున్నాడు.

ఉన్నారు. పడవ బోర్లాపడింది.

లేబర్ పిల్లలే ఒక్కొక్కణ్ణీ జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. అప్పుడు మాత్రం పట్టుకున్నది ఎవరి చెయ్యని ఏ తల్లీ అడగలేదు. తువ్వాళ్ళు వచ్చాయి. అవీ ఎడమ దోనె పిల్లలకే.

"లేబర్ పోరగాండ్లు సరిగ్గ కూసోలే సార్," అంటున్నాడు వామనరావు ఇంజనీరుతో. ఆ వెంటనే లేబర్ పిల్లలవైపు తిరిగాడు. "ముత్యం, పోయి పడవ గుంజుకరా."

ముత్యం కదల్లేదు. "నేను తేను సార్."

"ఏందిరా?"

"నేను పిలిచిన. మీరు ఆపిండ్రు."

మిగతా లేబర్ పిల్లలు అతని పక్కనే ఇసుకలో కూర్చున్నారు.

"మావోడు బాయిల దిగి బొగ్గన్న మోస్తడు గని, మీ అబద్ధం మొయ్యడు సారూ," అంది మల్లక్క.

రమామణి షామియానాలోంచి ఒక తువ్వాలు తీసుకుని, ఎండలోకి నడిచి, ముత్యం భుజాల మీద కప్పింది. మొగుడివైపు తిరిగింది.

"మీ అరుపు మా అందరికి వినబడ్డదండీ."

వామనరావు నదివైపు చూశాడు. బోర్లాపడ్డ పడవ, రెండు దోనెలూ కలిసే, మంథని దిక్కు కొట్టుకుపోతోంది.

"తప్పు నాదే," అని గొణిగాడు.

"ఇంజనీరు గారికి వినబడలే," అంది రమామణి.

వామనరావు ఈల మెడలోంచి తీసి చేతిలో పట్టుకుని ఇంజనీరు వైపు తిరిగాడు.

"తప్పు నాది సార్. పిల్లలు దుంకబోతుంటే ఆపింది నేనే."