జడ విప్పేదాకా

నాకు గుండె జబ్బు ఉన్న సంగతి తిరువూరులో చాలామందికి తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది.

నా పేరు పరమేశ్వరి. మెయిన్ రోడ్డు మీద పప్పుల కొట్టు వెంకటకృష్ణారావుగారి భార్యను. అరవై దాటాను. బీపీ లేదు, షుగరు లేదు. చలికాలంలో మోకాళ్ళు కాస్త సణుగుతాయి, అంతే.

కోడలు ప్రత్యూష వచ్చాక వంటిల్లు తన చేతికిచ్చాను. పని తెలిసిన పిల్ల. కాకపోతే నేను గరిటె ముట్టుకుంటే చాలు, "మీరు కూర్చోండత్తయ్యా" అంటుంది. కొట్టుకు వెళ్తే మా అబ్బాయి వినయ్ కుర్చీ లాగి "కూర్చోమ్మా" అంటాడు. పెళ్ళిళ్ళకు వెళ్తే ముందు వరసలో కూర్చోబెడతారు. ఇన్నేళ్ళూ నిలబడి చాకిరీ చేసినదాన్ని అందరూ కలిసి కూర్చోబెట్టేశారు. వాళ్ళు దాన్ని గౌరవం అనుకుంటారు. నాకు ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో మా వెనక వీధి మాణిక్యమ్మ వచ్చి, "గుళ్ళో కోలాటం నేర్పుతున్నారు, వస్తావా వదినా?" అంది. వాళ్ళకు రెడ్డిగూడెంలో మామిడితోటలున్నాయి. పిల్లల చదువులని టౌనుకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు బడికెళ్ళే రోజుల్లో వీధి కొళాయి దగ్గర కలిసిన స్నేహం మాది. కులం వేరైనా వదినా అంటే వదినా అని పిలుచుకునేవాళ్ళం. మా ఇంట్లో మంచీ చెడూ మా అమ్మకంటే ముందు ఆమెకు తెలిసేవి.

మొదటి రోజు నా కర్ర నా ముక్కుకే తగిలింది. నవ్వనివాళ్ళు లేరు. నేర్పే ప్రేమావతి నాకంటే బాగా చిన్నది, మెడలో ఈల వేసుకుని తిరిగేది. ఆమె మాత్రం నవ్వకుండా, "రేపు రండమ్మా, ముక్కు తప్పించి కొడదాం" అంది. ఆ ఒక్క మాటకు మర్నాడు కూడా వెళ్ళాను. ఆ తర్వాత ఒక్కరోజూ మానలేదు.

ఏడాది తిరిగేసరికి జడ కోలాటం దాకా వచ్చాం. చూడనివాళ్ళకు చెప్పాలి. మధ్యలో ఎత్తయిన గెడ నిలబెడతారు. దాని కొసనుంచి రంగురంగుల తాళ్ళు వేలాడుతుంటాయి. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు, ఒకరి పక్కనుంచి ఒకరం దూరుతూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. అల్లడం తొందరగానే వస్తుంది. విప్పడమే కష్టం. వచ్చిన దారినే అడుగు తప్పకుండా వెనక్కి తిరగాలి. మధ్యలో ఒక్కరు తాడు వదిలేసినా జడ చిక్కుపడిపోతుంది, ఇక కత్తెరతో కోయాల్సిందే. అందుకే ప్రేమావతి ముందే చెప్పేసింది, ఇంటికి నిప్పంటుకున్నా సరే, జడ విప్పేదాకా తాడు వదలకూడదని.

ఆ విప్పడం నాకు పట్టుబడింది. ఎలాగో చెప్పలేను. పైన తాళ్ళు చూస్తే కింద ఎవరెటు కదలాలో తెలిసిపోయేది. నేను "హా" అని ఒక కేక వేస్తే అందరూ వెనక్కి తిరిగేవాళ్ళు. "పరమేశ్వరిగారిని చూసుకుని తిరగండి" అనేది ప్రేమావతి. నన్ను చూసుకుని! మా ఇంట్లో ఎవరూ ఏ పనీ నన్ను చూసి చేయడం మానేసి చాలాకాలమైంది. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపేసుకుని సంతోషంతో ఏడ్చాను.

మా ఆయన కూడా సంతోషించారు. అలాగే కనిపించారు మరి. గుళ్ళో మొదటిసారి ఆడినప్పుడు ముందు నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. మా పెళ్ళయిననాటినుంచీ నన్ను ఒక్క మాట అన్నది లేదు. నా అదృష్టం అనుకునేదాన్ని.

ఉగాది వెళ్ళాక చిన్న తిరుపతినుంచి మాకు పిలుపొచ్చింది. స్వామివారి ఉత్సవాల్లో ఆడాలి. బస్సు మాట్లాడారు, అందరికీ ఒకే రంగు చీరలు తీశారు. సరిగ్గా అప్పుడే మొదలైంది. నేను నాలుగు అడుగులు వేయగానే ఎవరో ఒకరు మంచినీళ్ళు తెచ్చేవాళ్ళు. మాణిక్యమ్మ కొంగుతో విసిరేది. ప్రేమావతి హుషారు పాటలన్నిటికీ నన్ను పక్కన పెట్టేది. చివరికి ఒకరోజు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసి, "మీరు కూర్చుని పాటందుకోండమ్మా, చాలు" అంది. నా తాడు తీసి కీర్తన చేతికిచ్చింది. కీర్తన మందుల షాపువాళ్ళ కోడలు, మొన్న మొన్న చేరిన పిల్ల.

నేను మాణిక్యమ్మ వైపు చూశాను. ఆమె తల దించుకుంది. అప్పుడే నాకు అర్థమైంది, దీని వెనకాల ఏదో ఉందని, అది ఆమెకు తెలుసని.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో చింతపండు ఎండబెడుతోంది.

"నా తాడు ఎందుకు తీసేశారు వదినా? నామీద ఎవరికి కడుపుమంట?" అని అడిగేశాను.

ఆమె నా చేయి పట్టుకుని భోరుమంది. "నిన్ను పోగొట్టుకోలేక వదినా! నీ గుండె బాగాలేదట కదా!"

"ఎవరన్నారు?"

"అన్నయ్యగారే. ఎన్నడూ మా గుమ్మం తొక్కని మనిషి, వచ్చి ఆ కుర్చీలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. విజయవాడలో చూపిస్తే, గంతులేస్తే ప్రాణానికే ముప్పన్నారట. నీకు తెలిస్తే తట్టుకోలేవు, మెల్లగా తప్పించమని దండం పెట్టారు."

"విజయవాడ వెళ్ళింది నా కళ్ళజోడు కోసం వదినా."

"అలాగే అంటావని చెప్పారు. కళ్ళజోడని చెప్పే తీసుకెళ్ళారట."

"నాకేం జబ్బు లేదు. పద, ఇప్పుడే ఏ డాక్టరు దగ్గరికైనా పోదాం."

"వద్దులే వదినా. నీకు భయం వేయకుండా డాక్టర్లు కూడా ఏం లేదనే చెబుతారట. నువ్వు కూర్చో, మజ్జిగ తెస్తా."

అబద్ధాన్ని ఎంత పకడ్బందీగా కట్టారో చూడండి. నేను లేదంటే ఉన్నట్టు. ఎంత గట్టిగా లేదంటే అంత ముదిరినట్టు. కొళాయి దగ్గర్నుంచి నన్ను ఎరిగిన మాణిక్యమ్మ, నా గుండె సంగతి నన్ను తప్ప అందరినీ అడిగింది. మా ఆయన కన్నీళ్ళు చాలాయి ఆమెకు, నా మాట చాలలేదు.

మజ్జిగ తాగకుండానే లేచి కొట్టుకు వెళ్ళాను. వినయ్ బ్యాంకుకు వెళ్ళాడు, బేరాలు లేవు. గల్లా దగ్గర ఆయన ఒక్కరే ఉన్నారు. మాణిక్యమ్మ చెప్పిందంతా చెప్పి నిజమేనా అన్నాను. కాదంటారని నాలో ఏ మూలో ఆశ.

ఆయన కాదనలేదు. త్రాసు పళ్ళెం తుడుస్తూ, "ఎవరో వీడియో తీశారు. మా వర్తక సంఘం మీటింగులో ఫోన్లో పెట్టుకుని చూశారు. కృష్ణారావుగారింట్లో ఆవిడ భలే ఎగురుతోందే అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయమంటావు?" అన్నారు.

"నాతో చెప్పాలి."

"నువ్వు బాధపడతావని."

"పోనీ, వద్దనాలి."

"వద్దంటే నువ్వు వింటావా?"

వినను. ఆ మాట నిజమే. పోట్లాడేదాన్ని, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. కానీ అది మా ఇద్దరి మధ్య పోట్లాట అయ్యేది. నాతో పోట్లాడే ధైర్యం లేక ఈయన నన్ను రోగిష్టిదాన్ని చేశారు. ఇంట్లో చప్పట్లు కొట్టి, ఊళ్ళో నా కాళ్ళు విరిచారు.

"సరే. ఇప్పుడే మాణిక్యమ్మకు ఫోన్ చేసి అదంతా ఉత్తదేనని చెప్పండి" అన్నాను.

"ఎలా చెప్పమంటావు పరమేశ్వరీ? ఈ వయసులో నా నోటితో నేనే అబద్ధమాడానని చెప్పుకోనా? వ్యాపారంలో ఉన్నవాణ్ణి, మాటకు విలువుండాలి కదా. అయినా నీకిప్పుడేం తక్కువైంది? అందరూ నిన్ను అపురూపంగా చూసుకుంటున్నారు."

ఆయన ఒక్కరోజు అబద్ధాలకోరు కావడం కంటే, నేను చచ్చేదాకా రోగిష్టిదాన్నై ఉండటమే ఆయనకు నయమనిపించింది. అది అర్థమయ్యాక నాకు అక్కడ నిలబడాలనిపించలేదు. ఇంటికెళ్ళి పడుకున్నాను. ప్రత్యూష వచ్చి ఆయాసంగా ఉందా అత్తయ్యా అని అడిగింది. తనకూ తెలుసన్నమాట.

చిన్న తిరుపతి ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మా ఊళ్ళో గుడి ఊరేగింపు జరిగింది. ఏటా పల్లకీ మా కొట్టు ముందు ఆగుతుంది, మేం హారతి ఇస్తాం. ఆ ఏడు అక్కడే జడ కోలాటం ఆడాలని నిర్ణయించారు. రోడ్డు మధ్యలో ఇనప స్టాండులో గెడ నిలిపారు. నేను పట్టుచీర కట్టుకుని హారతి పళ్ళెంతో మా ఆయన పక్కన నిలబడ్డాను. సంఘం పెద్దలు కొందరు మా కొట్టు అరుగు మీదే ఉన్నారు. ప్రేమావతి మొదటి ఈల ఊదింది. అందరూ తాళ్ళు అందుకున్నారు.

నేను పళ్ళెం ప్రత్యూష చేతిలో పెట్టి, మెట్లు దిగి, కీర్తన దగ్గరికెళ్ళాను. "ఇటివ్వమ్మా" అన్నాను. పెద్దవాళ్ళు అడిగితే ఇవ్వడం అలవాటైన పిల్ల, తాడూ కర్రా ఇచ్చేసింది. అప్పటికే రెండో ఈల మోగింది, పాట మొదలైంది, అందరి కాళ్ళూ కదిలాయి. ఇక ఎవరూ తాడు వదలడానికి లేదు.

ప్రతి చుట్టులోనూ మాణిక్యమ్మ నాకు ఎదురొచ్చేది. ఒకసారి "వద్దు వదినా" అంది. ఇంకోసారి "నీకు దండం పెడతాను" అంది. ఆ తర్వాత ఏడుస్తూనే కర్ర కలిపింది. చుట్టూ ఆడేవాళ్ళందరి మొహాల్లోనూ ప్రేతకళే. నేను పడిపోతానని ఒక్కొక్కరూ ఎదురుచూస్తున్నారు. పైన జడ మాత్రం నున్నగా దిగుతోంది.

ప్రేమావతి ఈల నోట్లోంచి తీసేసి మా ఆయన వైపు పరిగెత్తింది. "ఏం చేయమంటారండీ? డాక్టరుగారు ప్రమాదమన్నారన్నారు కదా! ఆపమంటే తాళ్ళు కోయించేస్తా! చెప్పండి!" అని అరిచింది. ఎవరో 108కి చేయండంటున్నారు. అరుగు మీదా రోడ్డు మీదా అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. తిరుగుతూ తిరుగుతూ నేనూ చూస్తున్నాను.

అబద్ధమాడానని ఆయన ఒప్పుకోనక్కర్లేదు. పర్వాలేదు, ఆడనివ్వండి అంటే చాలు. ఆ ఒక్క మాటతో నేను అన్నీ మర్చిపోయేదాన్ని. నిజంగా మర్చిపోయేదాన్ని.

ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఆపండమ్మా. నాకు దక్కదు ఆవిడ" అన్నారు.

అరుగు మీద పెద్దమనుషులు ఆయన భుజం పట్టుకున్నారు. ఎవరో కత్తెర కోసం మా కొట్లోకే పరిగెత్తారు.

"తాళ్ళ మీద చెయ్యి వేస్తే ఊరుకోను!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు. "జడ నిండింది. విప్పుదాం. నన్ను చూసుకుని తిరగండి. హా!"

తిరిగారు. ఏడుస్తూనే, భయపడుతూనే నన్ను చూసుకుని తిరిగారు. ఒక్క అడుగు తప్పలేదు. ఆఖరి మెలిక విడిపోయి తాళ్ళన్నీ వేటికవి వేలాడేసరికి నాకు చెమటలు కారుతున్నాయి, రొప్పుతున్నాను. అందరూ అలాగే ఉన్నారు. మాణిక్యమ్మ తాడు వదిలేసి వచ్చి నా గుండె మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసింది.

"బాగానే కొట్టుకుంటోంది వదినా" అంది, తనకే నమ్మకం లేనట్టు.

"ఎప్పుడూ బాగానే కొట్టుకుంది. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని" అని ఆమె చెయ్యి తీసేశాను.

ప్రేమావతి నా తాడు నాకిచ్చింది, బస్సులో సీటూ ఇచ్చింది. నేను అడిగింది ఒక్కటే, మాణిక్యమ్మను నా జంటనుంచి మార్చమని. సరేనని మార్చింది.

మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర బస్సెక్కుతుంటే మా ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మంచినీళ్ళ సీసాతో. నాతో మాట్లాడలేదు. అందరూ వింటుండగా ప్రేమావతి చేతిలో ఒక మాత్రల అట్ట పెట్టి, "ఆయాసం వస్తే నాలుక కింద పెట్టండమ్మా, మీదే భారం" అన్నారు. రాత్రి మందుల షాపుకు వెళ్ళి మరీ కొన్నారన్నమాట.

బస్సు కదిలింది. ఆయన చెయ్యి ఊపుతూ అక్కడే నిలబడ్డారు. నా పక్కన కూర్చున్న కీర్తన ఆయన్నే చూస్తూ, "మీరు అదృష్టవంతులు పిన్నిగారూ, ఈ వయసులో కూడా ఇంత చూసుకునేవాళ్ళు ఎవరుంటారు?" అంది.

చిన్న తిరుపతి వచ్చేదాకా మొహాన కొంగు కప్పుకుని ఏడ్చాను. బస్సు దిగాక కొళాయి దగ్గర మొహం కడుక్కుని, కొంగు బిగించి, వెళ్ళి నా తాడు పట్టుకున్నాను.