పెద్దబడిలో ఉన్నవాళ్ళు

సాయంత్రం అయిదింటికల్లా ప్రెస్సుకు ఫైలు వెళ్ళాలి. మూడుంపావయింది. కంప్యూటరు తెర మీది వంశవృక్షంలో ఇంకా నూట ఎనభై ఆరు ఎర్ర చుక్కలున్నాయి.

ఆ వంశవృక్షం మా ఆవిడ కట్టింది. చివరి ఆరేళ్ళూ రోజూ మధ్యాహ్నం ఇదే కుర్చీలో కూర్చుని, తన వైపువాళ్ళనీ నా వైపువాళ్ళనీ కలిపి నాలుగువందల పన్నెండుమందిని దానికోసం ఉన్న ప్రోగ్రాములోకి ఎక్కించింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. వాళ్ళ పెద్దక్కకు, అంటే మా వదినకు, ఎనభై నిండబోతున్నాయని మా అమ్మాయి దాన్ని పుస్తకంగా వేయిద్దామంది. పేర్లు సరిచూసే పని నాకు పడింది.

పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. కొన్ని మొత్తం పెద్దబడి అక్షరాల్లో, అదే క్యాపిటల్స్‌లో, కొన్ని మొదటి అక్షరం తప్ప అంతా చిన్నబడిలో. ప్రోగ్రాముకు అది నచ్చలేదు. పెద్దబడి పేరు కనబడ్డ చోటల్లా ఎర్ర చుక్క పెట్టి, కింద 'అన్నీ ఒకేలా మార్చు' అని ఒక మీట చూపిస్తోంది.

"ఆ మీట నొక్కెయ్ నాన్నా," అంది అమ్మాయి ప్రెస్సులోంచి ఫోన్లో. "ఒక్కొక్కటీ చూస్తూ కూర్చుంటే ఈలోగా ఇంకో తరం పుట్టుకొస్తుంది. వాళ్ళనీ ఎక్కించాలి."

"మీ అమ్మ ఏదీ ఊరికే చేసే మనిషి కాదే."

"క్యాప్స్ లాక్ పడిపోయుంటుంది. చూసుకుని ఉండదు."

కావచ్చు. కానీ ఆరేళ్ళపాటు పడుతూ లేస్తూ ఉండే క్యాప్స్ లాక్ ఎక్కడైనా ఉంటుందా?

వదిన నా వెనక వాలుకుర్చీలో కూర్చుని ఉంది. పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఆవిడకు పుస్తకంతో పనిలేదు, అందులో ఒక్క మాటతోనే పని.

"మరిదిగారూ, నడిపిదాని పేరు ముందు కీర్తిశేషులని పెట్టారా?"

"పెడతాను వదినా."

"పొద్దుట్నించీ పెడతాననే అంటున్నారు. ముహూర్తం చూస్తున్నారా ఏమన్నా?"

నడిపి అంటే ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళలో మధ్యావిడ. వాళ్ళమ్మ ఎవరింట్లో ఉండాలనే దగ్గర వదినతో మాటా మాటా పెరిగి, ముప్పయ్యేళ్ళ కిందట గడప దాటి వెళ్ళిపోయింది. వదిన రాసిన ఉత్తరాలు వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. "బతికుంటే ఒక్కసారైనా పలకదూ? పోయిందనే రాయండి. ఎదురుచూసే ఓపిక నాకిక లేదు," అని మొన్ననే తేల్చేసింది. నాకు మాత్రం చేతులు రావడంలేదు. ఒకసారి అచ్చులో పడితే ఇక ఆవిడ కోసం ఎవరు వెతుకుతారు?

ఆ మాట వాయిదా వెయ్యడానికే మళ్ళీ పేర్ల మీద పడ్డాను. అప్పుడు కనబడిందొకటి. మా ఆవిడ తన కన్నతల్లి పేరు చిన్నబడిలో రాసింది. ఎవరికీ పట్టని మా బాబాయి కొడుకు, ఆ లారీ మెకానిక్కు, పెద్దబడిలో ఉన్నాడు. తల్లిని తక్కువచేసి వాడిని నెత్తినపెట్టుకునే మనిషి కాదే ఆవిడ!

"వదినా, మా మెకానిక్కుతో మీ చిన్నచెల్లెలు ఎప్పుడైనా మాట్లాడిందా?"

"మాట్లాడకేం? వాళ్ళ తాతల పేర్లడిగి గంటసేపు బుర్ర తినేసిందని నాతోనే మొత్తుకున్నాడు."

"మీ మేనమామతో?"

"ఆయన పోయాకే కదా ఇది ఈ పనికి కూర్చుంది!"

మేనమామ చిన్నబడి. మా అత్తగారూ అంతే, ఈ పని మొదలవకముందే పోయింది. మా ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు ఆస్పత్రి రికార్డుల గదిలో పనిచేసింది. అక్కడొక పద్ధతుందని అన్నం తింటూ ఎన్నోసార్లు చెప్పింది. ఎవరో చెప్పగా రాసుకున్న పేరు మామూలుగా ఉంటుంది. ఆ మనిషి చేతే పలికించుకున్నాక దాన్ని పెద్దబడిలోకి మారుస్తారు. నేను ఊఁ కొట్టేవాణ్ణి. విన్నందుకు ఇన్నాళ్ళకు ఫలితం దక్కింది.

ఇంకో పదిమంది గురించి అడిగాను. పదికి పదీ సరిపోయాయి.

"ఏమిటండీ ఈ ప్రశ్నలు? పరీక్షా?" అంది వదిన.

జాబితాను గబగబా కిందికి జరిపాను. నడిపి వదిన పేరు దగ్గర ఆగాను.

పెద్దబడి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా.

లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ పేరు కింద గమనికల పెట్టె ఒకటి మూసి ఉంది. తెరిచాను. ఒక ఫోను నంబరు. దాని కింద, "అక్కకు ఇప్పుడే చెప్పొద్దంది. ధైర్యం రావాలట. వేసవి వెళ్ళాక తనే ఫోను చేస్తానంది." రాసిన తేదీ మా ఆవిడ ఆస్పత్రిలో చేరడానికి వారం ముందుది. ఆ వేసవిని ఆవిడ చూడలేదు.

అమ్మాయికి ఫోను చేశాను. "ప్రెస్సాయన్ని ఆపు. ఇవాళ కాదు."

"నాన్నా! ఆయన నన్ను కొడతాడు!"

"తన్నులు తిను తల్లీ. తర్వాత చెబుతాను."

ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. ఒకసారి తప్పు నంబరు నొక్కాను. రెండోసారి మోగింది. అయిదుసార్లు మోగింది.

"ఎవరండీ?"

"వదినగారూ, నేను. మీ చెల్లెలి భర్తని."

"అదెక్కడ?" అందావిడ వెంటనే. "చెప్పినట్టే వేసవి అయ్యాక చేశాను. ఈ నంబరు లేదంది. దానికీ నామీద కోపమొచ్చిందనుకున్నాను."

ఇక ఎవరికోసం మోగాలిలే అనుకుని మా ఆవిడ నంబరును ఆవిడ పోయిన నెలలోనే తీయించేసింది నేనే.

"ఆవిడకు కోపం లేదండీ," అని, జరిగింది చెప్పాను.

"అక్క..." అని ఆగింది. "అక్క ఉందా?"

"లోపలే ఉంది. మీ పేరు ముందు కీర్తిశేషులు పెట్టించడానికి పొద్దుట్నించీ నా ప్రాణం తీస్తోంది."

ఏడుస్తూనే నవ్వేసింది. "అదలాగే ఉంటుంది. ఇవ్వండి ఫోను. మళ్ళీ ధైర్యం పోతుంది, తొందరగా ఇవ్వండి."

గదిలోకి పరుగులాంటి నడకతో వచ్చాను. "వదినా, మీకే."

"ఎవరు?"

ఫోను చేతిలో పెట్టాను. వదిన చెవికి ఆనించుకుంది. అటునుంచి ఒక్క మాట వచ్చినట్టుంది. ఆవిడ రెండో చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"గొంతేమిటే అలా బొంగురుపోయింది? చన్నీళ్ళు తాగడం ఇంకా మానలేదా?"

అవతల ఏదో గట్టిగానే అన్నారు.

"నేనేం పెత్తనం చెయ్యట్లేదు!" అని కసిరింది వదిన. తర్వాత కసురు ఎటుపోయిందో, గొంతు సన్నబడిపోయింది. "సరే, చెయ్యనులే. పెట్టెయ్యకు. ఏం మాట్లాడకపోయినా ఫరవాలేదు, పెట్టెయ్యకు."