తుమ్ముకు గట్టిమేళం

మా ఇంట్లో తుమ్మనివాళ్ళు గోడమీది పటాల్లో దేవుళ్ళు మాత్రమే. చిక్కపేటలో కింద ముక్కుపొడి అంగడి, మీద కాపురం. ఇందులో నా తప్పేముంది, చెప్పండి! మా తాత పెట్టిన అంగడి అది.

అలాంటి ఇంట్లో పుట్టిన మా అమ్మాయి అనసూయ ఎదురు బట్టలంగడి మునిరాజు మీద మనసు పడింది. పిల్లవాడు బంగారం. వాడి తాత వెంకటరాయప్ప ఉన్నాడే, సర్జాపురం పెద్దమనిషి, ఆయనతోనే వచ్చింది తంటా. మాట ఖాయం చేసుకునే వేళ ఎవరో తుమ్మారని మనవడికి వచ్చిన మూడు సంబంధాలు తెంచిపారేసిన ఘనుడు. ఆయన్ను మా ఇంటికి పిలిస్తే ఇక పెళ్ళి జరిగినట్టే!

"ఇంగ నాకు పెండ్లొద్దులే నాయనా" అని పిల్ల కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు తట్టింది. తాళి కట్టే వేళ తుమ్ములు వినబడకూడదనే కదా గట్టిమేళం మోగిస్తారు? నా దగ్గర ముక్కుపొడి కొనే దొర ఒకడు పెద్ద ఫిడేలు వాయిస్తాడు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. కంటోన్మెంటు హాల్లో యాభై అరవైమంది దొరలు కలిసి సింఫనీ కచ్చేరీ చేస్తున్నారంటూ టిక్కెట్లు ఊరికే ఇచ్చాడు. అంతమంది వాయిస్తుంటే ఏనుగు తుమ్మినా వినబడదు. తాంబూలాలు అక్కడే మార్చుకుందామని కబురు పెట్టాను. దొరల మేళం చూడొచ్చని ముసలాయన సంబరంగా ఒప్పుకున్నాడు.

మొదటి భాగం నేననుకున్నట్టే సాగింది. బాకాలు, డోళ్ళు, ఫిడేళ్ళు కలిసి హాలు కప్పు లేపేశాయి. నా పెళ్ళాం మునివెంకటమ్మ హాయిగా రెండు తుమ్ములు తుమ్మింది. పక్కనున్న నాకే వినబడలేదు.

"ఇప్పుడే మార్చుకుందామా పెద్దాయనా?" అని ముసలాయన చెవిలో అరిచాను.

"ఉండప్పా, వాయిస్తా ఉండారు కదా!" అని నన్నే కసిరాడు.

రెండో భాగం మొదలైంది. ఒక్క ఫిడేలు, అదీ పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు సన్నగా. తక్కినవాళ్ళంతా చేతులు ముడుచుకుని కూర్చున్నారు. డోలు దొర కునికిపాట్లు పడుతున్నాడు. ఒరేయ్, జీతాలు తీసుకుంటున్నారు కదా, వాయించి చావండిరా!

సరిగ్గా అప్పుడు వెంకటరాయప్ప నావైపు వంగాడు. "ఎంత నిమ్మళంగా ఉండాది! మంచి గడియప్పా ఇది. తియ్యి తాంబూలం."

అనసూయ చీర చెంగుతో ముక్కు గట్టిగా పట్టుకుంది. నేను కోటు జేబులోంచి తమలపాకులు బయటికి లాగాను. ఆకులతోపాటు ముక్కుపొడి కూడా గుప్పున లేచింది. తొందరలో అంగడి కోటే వేసుకొచ్చాను, నా మొహం మండ!

పళ్ళు కరుచుకున్నాను. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అయినా వచ్చింది. మా తాత నాటినుంచి మా ఇంట్లో ఎవరూ అంత పెద్ద తుమ్ము తుమ్మి ఉండరు.

వేదిక మీద పుల్ల ఊపే దొర ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తాడు. ఆయన చేతులెత్తితే వాయించమనేగా గుర్తు! డోలు దొర నిద్రలోంచి లేచి దబదబా బాదాడు. బాకాలు అందుకున్నాయి. ఫిడేళ్ళన్నీ ఎగబడ్డాయి.

వెంకటరాయప్ప లేచి నిలబడ్డాడు. అయిపోయింది, నా బిడ్డ గొంతు నేనే కోశాను అనుకున్నాను.

"చూస్తివా జయరామప్పా! తుమ్ము పడీపడకనే గట్టిమేళం కొట్టినారు! ఇంత శాస్త్రం మనోళ్ళకి యాడుండాది?" అంటూ నా చేతిలోని తాంబూలం లాక్కుని, తనది నా చేతిలో పెట్టేశాడు.

మేళం ఆగింది. దొరలూ దొరసానులూ మమ్మల్ని కొరకొరా చూస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో, అప్పటిదాకా బిగబట్టుకున్న అనసూయ హాచ్చని తుమ్మింది.

మూడు సంబంధాలు తెంచిన ఆ ముసలాయన వెనక్కి తిరిగి, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు.

"నూరేండ్లు బతుకు తల్లీ" అన్నాడు. తర్వాత వేదికకేసి తిరిగి, "ఊఁ, కొట్టండప్పా!" అని కేకేశాడు.