విత్తనాల బుర్ర

కరువొచ్చి పిల్లలు ఆకలికి ఏడ్చినా సరే, విత్తనాల బుర్ర మీద చెయ్యి వెయ్యకూడదు. సోములమ్మకు ఈ మాట ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అత్త చేసినట్టు తనూ చేసింది. చోళ్లు నూర్చాక గట్టి గింజలు ఏరి, బూడిద కలిపి, ఎండిన సొరకాయ బుర్రలో పోసి, మూతికి మట్టి మెత్తి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీస్తారు. తొలకరి పడేదాకా అది ఇంట్లో లేనట్టే లెక్క. ముంచింగిపుట్టు పైన, కొండ మీదున్న ఆ ఊళ్లో సోములమ్మ దాచిన విత్తనం మొలవలేదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ మంచి పేరే చివరికి ఆమె కొంప ముంచింది.

రొమ్ములో గడ్డ లేచినప్పుడు విశాఖపట్నం తీసుకుపోయి రొమ్ము తీసేశారు. పీడ వదిలిందనుకుని ఆమె మళ్లీ కాఫీ పళ్లు కోసింది, సంతకు నడిచింది. పోయింది రొమ్మే గాని పీడ కాదు. నిరుడు నడుములో మొదలైన నొప్పి తుంటిలోకి దిగింది. క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందనీ, ఇక కోసి తీసేది కాదనీ, ఉన్నన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకోవడమే మిగిలిందనీ డాక్టరమ్మ చెప్పి, మార్ఫిన్ మాత్రలు రాసిచ్చింది. అవి కొండ మీది ఆసుపత్రిలో దొరకవు. మొగుడు సుక్రు నెలకోసారి ఆసుపత్రి కార్డు పట్టుకుని ఘాటీ దిగి విశాఖపట్నం నుంచి తెస్తాడు.

"నొప్పి వచ్చేదాకా ఆగకమ్మా. ఉన్నా లేకపోయినా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలి," అంది డాక్టరమ్మ. సోములమ్మ బుద్ధిగా తలూపింది. పెద్దాసుపత్రిలో తలూపని వాళ్లెవరు?

ఇంటికొచ్చాక ఆమె లెక్క వేరు. ఆమెకు కూతురు సోని గురించి బెంగ. సోని అరకులోయలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఒక పొద్దున నొప్పి తట్టుకోలేక సోములమ్మ అరిచేసింది. పిల్ల రెండు చెవులూ మూసుకుని మూలకు ముడుచుకుపోయింది. ఆ తర్వాత, "నానింక కాలేజీకి ఎల్లనమ్మా. నీ కాడే ఉంతాను," అంది. సుక్రు బతిమాలి, తిట్టి, మళ్లీ పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి ఆడపిల్ల తన అరుపు వల్ల వెనక్కొచ్చి చేలో కూలబడుతుందంటే సోములమ్మకు తుంటి నొప్పి కూడా చిన్నదైపోయింది.

అందుకని దాచడం మొదలుపెట్టింది. గుంట సోని దసరాకు వస్తుంది. అప్పటికి చేతినిండా మాత్రలుండాలి. సెలవులున్నన్నాళ్లూ అమ్మ నవ్వుతూ తిరగాలి, అమ్మ బాగుందని నమ్మి పిల్ల తిరిగి కాలేజీకి పోవాలి. తొలకరికి చోళ్లు చల్లేశాక బుర్ర ఎలాగూ ఖాళీ అయింది. పొద్దున మాత్ర మానేసి అందులో వేసింది. రేకులోంచి ఒలిచి మరీ వేసింది. ప్లాస్టిక్కులో కడితే విత్తనానికి ఊపిరాడదు, బూజు పడుతుంది, ఆ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. బూడిద కలిపింది. మూతికి మట్టి మెత్తింది. వేసిన ప్రతిసారీ మళ్లీ మెత్తింది. పొయ్యి పైన కట్టింది.

ఆ వానాకాలం ఆమె ఎలా బతికిందో ఆ ఇంటి నడిమి గుంజకు తెలుసు. దాన్ని పట్టుకుని లేచేది, దాన్ని పట్టుకునే కూలబడేది. దగ్గొస్తే భయం, తుమ్మొస్తే భయం. పక్కకు ఒత్తిగిలాలంటే ముందు మోకాలు, తర్వాత చెయ్యి, ఆఖరున నడుము, ఈలోపు ఒళ్లంతా చెమట. అంబలి గిన్నె ఎత్తలేక వంగి మూతి పెట్టి తాగేది. ఆశా కార్యకర్త నాగలక్ష్మి వచ్చి అడిగింది.

"మాత్రలు ఏసుకుంతన్నావా వదినా?"

"ఏసుకుంతన్నాను."

"మరి మొకం అలాగ పీక్కుపోయిందేటి?"

"ముసురు కదేటి. ఒళ్లు తిమ్మిరి."

దసరా దగ్గరపడేకొద్దీ ఆశ పెరిగింది. రాత్రి మాత్ర కూడా బుర్రలోకే పోయింది, ఆ నెల తెచ్చినవి ఒక్కటీ బయట మిగల్లేదు. పళ్ల మధ్య చీర కొంగు పెట్టుకుని, ఇంకా కొన్నాళ్లే, ఇంకా కొన్నాళ్లే అనుకుంది. పిచ్చిది, ఆ కొన్నాళ్లలోనే ఆమె సగమైపోయింది.

సోని వచ్చే పొద్దున సుక్రు చేత బుర్ర దింపించి మట్టి కొట్టించింది. సుక్రు వంచాడు. ఏమీ రాలలేదు. వేలు పెట్టి గోకాడు. బూడిద రంగు బురద వచ్చింది. ముసురంతా ఇంట్లోకి దిగిన చెమ్మను బూడిద పీల్చుకుంది, మాత్రలు కరిగి ఆ బూడిదలో కలిసిపోయాయి. బుర్ర గోడలకు అట్ట కట్టింది తప్ప గింజంత మాత్ర మిగల్లేదు.

"మందులు ఇత్తనాలనుకున్నావేటే?" అన్నాడు సుక్రు. కోపంగా అనలేదు. ఆ గొంతు విని ఆమెకు ఏడుపొచ్చింది.

"గుంట కోసమే దాసినాను."

అతను కార్డు జేబులో పెట్టుకుని గొడుగు తీసుకున్నాడు. అరకు దిగువన ఘాటీలో చరియ విరిగిపడి విశాఖపట్నం బస్సులు తిరగడం లేదు, పైగా పండగ సెలవులు. "నడిసైనా దిగుతాను. ఎల్లుండికి రాలేకపోతే ఏటనుకోకు," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సోని వచ్చింది. సోములమ్మ గుంజకు ఆనుకుని, నవ్వు ముఖానికి పులుముకుని కూర్చుంది. నాన్న ఏడంటే సంతకెళ్లాడంది. పిల్ల సంచీ తెరిచి మార్కులు చెప్పింది, స్నేహితురాళ్ల కబుర్లు చెప్పింది. ఒక్క ముక్క కూడా తల్లి చెవికెక్కలేదు. నడుములో ఎవరో గొడ్డలి దింపి తిప్పుతున్నారు. ఇంక ఆగదని ఆమెకు తెలిసిపోయింది.

"సోనీ, ఊట కాడికెల్లి నీళ్లు తే."

"బిందె నిండా ఉన్నాయి కదమ్మా."

"అవి నిన్నటివి. సల్లటి ఊట నీళ్లు తాగాలనుంది. బేగి రానక్కర్నేదు, మెల్లగా రా."

ఊట కొండ మలుపు అవతల. సోని తల్లి ముఖంలోకి ఒకసారి చూసి, ఖాళీ బిందె తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. చెప్పుల చప్పుడు వినపడకుండా పోయేదాకా సోములమ్మ ఊపిరి బిగపట్టింది. తర్వాత అరిచింది. గుంజను గోళ్లతో గీరుతూ, దేవుళ్లనీ, చచ్చిపోయిన తల్లినీ పిలుస్తూ, ఆఖరికి మాటలు కూడా రాక గొడ్డులా అరిచింది.

గొంతు ఆరిపోయాక ముఖం తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. ఇంత నరకంలోనూ ఒక్క సంతోషం కలిగింది. గుంట వినలేదు. సుక్రు వచ్చేదాకా ఇలాగే ఏదో ఒక పని చెప్పి పంపించవచ్చు. దేక్కుంటూ వెళ్లి, గాలి కోసం తలుపు తోసింది.

సోని చూరు కింద కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. ఒళ్లో ఖాళీ బిందె. ఈసారి చెవులు మూసుకోలేదు.

పిల్ల లేచి లోపలికొచ్చింది. బిందె మూల పెట్టింది. మార్కుల కాగితం మడిచి సంచీలో దోపి, ఆ సంచీని పొయ్యి పైన, పొద్దున్నే బుర్ర విప్పిన కొక్కేనికి తగిలించింది.

"అక్కడొద్దే," అంది సోములమ్మ, వచ్చీరాని గొంతుతో. "పొగ తగిలి పుస్తకాలు పాడైపోతాయి."

"పోతే పోనీ అమ్మా," అంది సోని, తల్లి నడుము కింద చెయ్యి పెట్టి మెల్లగా పడుకోబెడుతూ. "ఇంక ఆటితో నాకేటి పని?"