నట్టు మీద ఎర్రచుక్క

నాకు మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. సర్జాపుర రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లుగా నా షెడ్డుకు బండ్లు తెచ్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందరికంటే బాగా తెలిసినవాడు రియాజ్. షెడ్డులో అతనిది సగం వాటా. నా దెబ్బల్లో మాత్రం ముప్పాతిక.

ఆ శుక్రవారం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి కౌశల్ తన పాత జీపు తెచ్చాడు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం కొండలెక్కే మనిషి. వెనక షాకబ్జర్లు నూనె కారి చచ్చాయి, గుంతలో పడితే వెనక కూర్చున్నవాళ్ల తల పైకప్పుకు తగులుతోంది. లావుపాటి కొత్త గ్యాసు షాకులు తనే కొనుక్కొచ్చి, సాయంత్రానికల్లా బిగించి ఇమ్మన్నాడు.

దానికో పద్ధతుంది. బండి జాకీ మీద ఉన్నప్పుడు నట్లు చేత్తో తిప్పి వదిలేయాలి. కిందికి దింపి, బరువంతా చక్రాల మీద పడ్డాకే పానా వేసి బిగించాలి. లేకపోతే లోపలి రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది. బిగించిన ప్రతి నట్టు మీదా మేము ఎర్ర పెయింటు చుక్క పెడతాం. చుక్క ఉన్నదాన్ని మళ్లీ ముట్టుకోం.

రియాజ్ నాలుగు నట్లూ చేత్తో తిప్పి, జాకీ దింపి, వచ్చి బిగిస్తానని నమాజుకు వెళ్లాడు. నేను శుక్రవారం పూజ చేసుకున్నాను. కొత్త ఇనుము కదా అని, నూనెలో తడిపిన కుంకుమ షాకులకూ పైనా కిందా పెట్టాను. అంతలో పాత గిరాకీ చిక్కమునియప్ప ట్రాక్టరు దారిలో ఆగిపోయిందని ఫోన్ వస్తే వెళ్లిపోయాను. నేను తిరిగొచ్చేసరికి రియాజ్ జీపు ఇచ్చి పంపేశాడు.

సోమవారం పొద్దున ఆ జీపు లారీ మీద వచ్చింది. నుదుటికి కట్టుతో దిగిన కౌశల్, ఒక్క మాటైనా అడక్కుండా, టీ కొట్టు దగ్గర జనం చూస్తుండగా నా చెంప పగలగొట్టాడు.

"కింద నట్టు ఊడిపోయింది. షాక్ వేలాడి బ్రేక్ ఆయిల్ పైప్ తెంపేసింది. క్వారీలో పడ్డాం. నా వైఫ్‌కి కాలర్‌బోన్ విరిగింది."

రియాజ్ చేతులు కడుక్కుంటున్నాడు. వచ్చి బిగిస్తానన్నది అతనే. నేను చక్రాల పానా అందుకున్నాను. మొదటి దెబ్బ రియాజ్ భుజం మీద పడింది. రెండోది మొహానికి తగలకుండా కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కిందపడ్డాక డొక్కలో తన్నాను. నేను తిన్న చెంపదెబ్బ అతనికి అప్పగిస్తుంటే, దాచడం ఎందుకు, హాయిగా ఉండింది. నన్ను కొట్టిన కౌశలే చివరికి నన్ను వెనక్కి లాగాడు.

రియాజ్ లేచి కూర్చున్నాడు. విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అన్నాడు.

"చుక్క ఉండాది కదన్నా. నాలుగింటికీ ఎర్రగా ఉన్నింది. నువ్వు బిగించిండావనే బండి ఇచ్చినా."

నేను జీపు కింద దూరాను. పైనట్టు ఇంకా ఉంది, దాని మీద ఎర్రచుక్కా ఉంది. బొటనవేలితో రుద్దాను. పెయింటైతే రాదు. ఇది వచ్చేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుంకుమ వాసన.

బయటికొచ్చి పానా రియాజ్ ఎడమచేతికిచ్చి, నా కుడిచెయ్యి బంపరు మీద పెట్టాను. కొట్టమన్నాను. అతను ఆ చేతిని చూశాడు. పానా అవతల పడేసి, ఎడమ పిడికిలితో నా నోటి మీద గుద్దాడు. ఇంకోటి గుద్దాడు. రెండు పళ్లు ఊడి నెత్తురుతో పాటు నేల మీద పడ్డాయి.

"చెయ్యి ఉండనీ. ఇంక ఇద్దరి పనీ అదే చెయ్యాల," అన్నాడు. "కుంకం బానెట్టుకు పెట్టుకో. నట్లకొద్దు."

బళేపేట బజారుకు వెళ్లి తెల్ల పెయింటు తెచ్చాను. రియాజ్ కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడవవు, పానా పట్టలేడు. నట్లు నేనే బిగిస్తాను. ప్రతి నట్టునూ అతను ఎడమచేత్తో లాగి చూసి చుక్క పెడతాడు. అతను పెట్టేదాకా నేను బండి కిందే పడుకుని ఉంటాను.