చెన్నప్ప గొంతున్న పెట్టె

ఆదివారం నాగన్న టెంపో తీసుకుని వచ్చేలోపల సరళ చేయాల్సిన పనులు ఇవి. నాయన మెడకు కట్టిన గుడ్డ మార్చాలి. ఆయన మింగగలిగేటట్టు రాగిజావ పల్చగా కాచాలి. బయ్యన్న వేరుశనగ చేలో పడిన గొర్రెలను తోలుకొచ్చి, ఆయన అనే మాటలన్నీ నిలబడి వినాలి. కంబదూరు పోయి, ఫోన్లో ఉన్న నాయన గొంతును పాటల పెట్టెలోకి ఎక్కించాలి.

శుక్రవారం పొద్దున్నే మొదటి మూడూ అయిపోయాయి. నాలుగోదే తెగలేదు.

సరళ నాయన చెన్నప్పకు గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు కోసి తీసేసి, ప్రాణం దక్కింది గానీ మాట ఇక రాదని చెప్పి పంపించారు. ఊరికి అది పెద్ద వింతే. చెన్నప్పకు నచ్చిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. సర్పంచ్ నడిచే తీరు నచ్చదు, బయ్యన్న మీసం నచ్చదు, కూతురి బీకాం అసలే నచ్చదు. ఇంతకాలం నోటితో తీసిపారేసిన లోకాన్ని ఇప్పుడు కనుబొమలతో, మూతి విరుపుతో తీసిపారేస్తున్నాడు. అది ఇంకా ఘోరంగా తగులుతోంది.

మనుషుల సంగతి ఎట్లున్నా, గొర్రెలకు మాత్రం ఆ గొంతే కావాలి. సరళ పిలిస్తే ఒక్కటీ తల ఎత్తదు. తల్లి తిప్పమ్మ పిలిస్తే, తమ ఊర్లో నిలబడని బస్సును చూసినట్టు ఒకసారి చూసి మళ్లీ మేతలో పడతాయి. పగలు బయ్యన్న చేలో, సాయంత్రం గుట్ట మీద. వాటి వెంట పరిగెత్తి పరిగెత్తి తిప్పమ్మ మోకాళ్లు వాచాయి. పిలిస్తే రాని మందను పెట్టుకుని ఏం చేస్తామని, గొర్రెల వ్యాపారి నాగన్నను ఆదివారం రమ్మంది. మాట పోయిందని తెలిసిన రోజు చెన్నప్ప కన్నీళ్లు పెట్టలేదు. నాగన్న పేరు విన్న రోజు జావ ముట్టలేదు. దొడ్డి వాకిట్లో కూర్చుని రాత్రి దాకా లేవలేదు.

అప్పుడు గుర్తొచ్చింది సరళకు. ఆపరేషన్‌కు ముందు, ఎందుకైనా మంచిదని నాయన గొర్రెలను పిలిచేది ఫోన్లో రికార్డు చేసి పెట్టుకుంది. ఫోన్లో పెడితే, గొర్రెలు మేసే బీడులో ఆ శబ్దం చాలదు. గొర్రెల కాపరులు భుజాన తగిలించుకునే పాటల పెట్టె అయితే గుట్ట దాకా వినిపిస్తుంది. కానీ పెట్టె పాతది. మెమరీ చిప్పు వేస్తేనే పాడుతుంది, చిప్పులోకి ఎక్కించాలంటే కంప్యూటర్ కావాలి. కంప్యూటర్ హరినాథ్ దగ్గర ఉంది.

కంబదూరు బస్టాండు పక్కన హరినాథ్ షాపు. కంప్యూటర్లో తనకు తెలియనిది ఇంకా తయారు కాలేదని అతని నమ్మకం. ఏం ఎక్కించాలో విని, పక్కన జిరాక్స్ కోసం నిలబడినవాళ్లకు కూడా వినిపించేటట్టు నవ్వాడు. జనం పాటలెక్కించుకుంటారు గానీ గొర్రెల కేకలు ఎక్కించుకునేది ఇదే చూడటం అన్నాడు. ఏం చదివావని అడిగి, బీకాం కంప్యూటర్స్ అని చెప్పించుకుని, "కంప్యూటర్స్ సర్టిఫికెట్లో ఉండాదేమోలే," అన్నాడు. నాలుగుసార్లు టకటకా నొక్కి చిప్పు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి పెట్టెలో వేస్తే, ముందు ఏదో దేశపు ఆడగొంతు ఇంగ్లీషులో స్వాగతం చెప్పింది. తర్వాత చిప్పులో ముందునుంచీ ఉన్న సినిమా పాటలు ఒకదాని వెంట ఒకటి పాడింది. నాయన గొంతు వంతు రాగానే కిక్కురుమనకుండా దాటేసి మళ్లీ మొదటి పాటకు పోయింది. చెన్నప్ప పెట్టె వైపు చూడలేదు. కూతురి వైపు చూసి, మూతి ఒక పక్కకు తిప్పాడు. బీకాం మూడేళ్లూ ఆ ఒక్క తిప్పుడులో కొట్టుకుపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం బస్సుకు సరళ మళ్లీ పోయింది. పెట్టె చెడిపోయిందన్నాడు హరినాథ్. సినిమా పాటలు పాడుతోందంటే, అయితే చిప్పు చెడిపోయిందన్నాడు. కొత్త చిప్పు, కొత్త పెట్టె రెండూ తన దగ్గరే ఉన్నాయని కూడా చెప్పాడు. సరళ అతని భుజం మీదుగా కంప్యూటర్లోకి చూసింది. ఫోన్ రికార్డు చేసే రకం వేరు, ఈ పాత పెట్టెకు తెలిసిన రకం ఎంపీత్రీ ఒక్కటే. హరినాథ్ చేసిన ఘనకార్యమల్లా ఫైలు పేరు చివర ఎంపీత్రీ అని టైపు చేయడం.

"అన్నా, నువ్వు పేరు మార్చినావు. లోపల ఉండేది మార్చలేదు."

"రెండూ ఒకటే మేడమ్."

"రాగిముద్ద మీద ఇడ్లీ అని రాస్తే ఇడ్లీ అయితాదా?"

జిరాక్స్ దగ్గర ఇప్పుడు ఎవరో అతన్ని చూసి నవ్వారు. హరినాథ్ కుర్చీ వదిలి, అంత తెలిస్తే నువ్వే కూచో అన్నాడు. సరళ కూర్చుంది. ఫైలును నిజంగానే ఎంపీత్రీగా మార్చింది. అది పెద్ద పని కాదు, కాస్త వెతికితే దొరికింది. తర్వాత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నది. మొదటి సగం తిట్లే. అవీ ఎక్కువ తననే. ఊరంతా వింటారు కదా అని సిగ్గేసింది. తిట్లన్నీ కత్తిరించి, చిప్పులో సినిమా పాటలు కూడా తీసేసి, పిలుపు ఒక్కటే శుభ్రంగా ఉంచింది.

శనివారం సాయంత్రం బీడులో పెట్టె నొక్కింది. "డుర్ర్ర్... దా... దా..." అని చెన్నప్ప గొంతు బండలకు తగిలి తిరిగొచ్చింది. ఒక పొట్టేలు తలెత్తింది. చూసింది. దించుకుంది. మిగతావి ఆ మాత్రం కష్టం కూడా పడలేదు.

తిప్పమ్మ కట్టె తీసుకుని గుట్ట వైపు నడిచింది. చెన్నప్ప మాత్రం పెట్టె లాక్కుని వెనక్కి తిప్పి చూశాడు, తనలో మిగిలిన సగం అక్కడ ఇరుక్కుందేమో అన్నట్టు. తర్వాత తన నోరు చూపించాడు. వేలు కూతురి మొహం మీదికి తెచ్చి ఆడించాడు, ఎప్పుడూ తిట్టేటప్పుడు ఆడించే వేలు. చెయ్యి వెల్లకిలా తిప్పి అడిగాడు.

సరళకు అర్థమైంది. తిట్లు యాడ?

"తీసేసినా నాయనా. ఊరంతా వింటారని."

చెన్నప్ప నుదురు కొట్టుకున్నాడు. ఆయన జన్మలో ఒక్కరోజైనా తిట్టకుండా గొర్రెలను పిలిచాడా? వాటికి తిట్లు మొదలైతే పిలుపు మొదలైనట్టు. ఇది గొర్రెలకు తెలుసు. గొర్రెల ఇంట్లో పుట్టి పెరిగిన గ్రాడ్యుయేట్ మర్చిపోయింది.

వెంటనే కంబదూరు బస్సెక్కి, హరినాథ్ షాపు మూసేలోపల పోయింది. ఫోన్లో అసలుది అట్లే ఉంది. ఈసారి ఒక్క మాట తీయకుండా మార్చి ఎక్కించింది. సరిగా వస్తోందా అని హరినాథ్ స్పీకర్లో పెట్టి మొత్తం విన్నాడు. మీ నాయన మనుషులను బాగా చదివినాడు మేడమ్ అన్నాడు. ఆయన చదివిన మనుషుల్లో నువ్వూ ఉండే ఉంటావన్నా అని చెప్పి సరళ చిప్పు తీసుకుంది.

ఆదివారం పొద్దున నాగన్న టెంపో దిగేటప్పటికి గొర్రెలు గుట్ట నిండా చెదిరి ఉన్నాయి. ముందు వాటిని దింపండప్పా, బేరం తర్వాత అన్నాడు. సరళ పెట్టెను నాయన మెడలో వేసి నొక్కింది. ఇంగ్లీషు ఆడగొంతు తన ముక్క చెప్పింది. ఆ వెంటనే చెన్నప్ప అందుకున్నాడు.

"ఏమే సరళా, డిగ్రీ సదివితివే, ఆ ఫోను పట్టుకునేది కూడా రాదా నీకు? మీ కాలేజీలో గొర్రెలను కూచోబెట్టింటే ఈపాటికి ఉద్యోగాలు సేస్తాండవు. దూరం జరుగు. యాడికి పోతాండారే దొంగసచ్చినోల్లారా, బయ్యన్న సేను మీ అబ్బదా? డుర్ర్ర్... దా... దా..."

నాగన్న పకపకా నవ్వాడు. బయ్యన్న చేలో కలుపు తీసేవాళ్లు నడుములు ఎత్తి నవ్వారు. సరళ తల దించుకోలేదు. "దూరం జరుగు" దగ్గరే గుట్ట మీద తలలన్నీ లేచాయి. "దొంగసచ్చినోల్లారా" అనేసరికి కదిలాయి. దుమ్ము లేపుకుంటూ దిగి, నాగన్నను రాసుకుంటూ దాటిపోయి, చెన్నప్ప మోకాళ్ల చుట్టూ మూగాయి.

తిప్పమ్మ చేతిలో కట్టె పక్కన పడేసింది. "కాపీ తాగిపో నాగన్నా," అంది. చెన్నప్ప టెంపో వైపు చెయ్యి విసిరాడు, ఈగను తోలినట్టు. ఆరోజు జావ రెండు గ్లాసులు తాగాడు. కూతురిని మెచ్చుకున్నాడా అంటే, లేదు. పెట్టె పక్కకు ఒరిగిందని కనుబొమతో చూపించాడు. సరళ సరిచేసింది.

మీరెప్పుడైనా సాయంత్రం పూట కంబదూరు దారిలో పోతున్నప్పుడు, రోడ్డు పక్కన ఒక గొంతు డిగ్రీ చదివిన కూతురిని కడిగేస్తుంటే, బండి కాస్త ఆపండి. హారన్ కొట్టకండి. నవ్వొస్తే నవ్వుకోండి, తప్పేం లేదు. కానీ ఆ తిట్లు పడేదీ, వాటిని ఒక్క మాట పోకుండా ఎక్కించిందీ ఒక్కతే. గొర్రెలు రోడ్డు దాటేదాకా అయినా ఆ సరళను తలుచుకోండి.